పాత కారుకు కొత్త ఆల్టర్నేటర్



ఈసారి గోడపత్రికకు ఏదైనా సైన్సు విషయం రాయమని సారు చెప్పినారు. పుస్తకంలో ఉన్నది మళ్లీ రాయడం ఎందుకని, నా చేతులతో చేసిన పని ఒకటి రాస్తున్నాను. పాత అంబాసిడర్ కారులో డైనమో తీసి, దాని స్థానంలో ఆల్టర్నేటర్ బిగించే పని అది. ఆ పనిలో నేనొక తప్పు చేసినాను. దాన్ని కూడా దాచకుండా రాస్తాను.

కారు సంగతి

వేంపల్లెలో మా మామ బండ్లకు కరెంటు పని చేస్తాడు. వేసవి సెలవులు వస్తే నేను ఆయన దగ్గర ఉండి పానాలు అందిస్తుంటాను. మా తాండాలో పెదనాయనకు ఒక పాత అంబాసిడర్ ఉంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు నమూనాతో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడలో ఈ కార్లు తయారయ్యేవి. 2014లో తయారీ ఆగిపోయింది. అయినా మా తాండాలో మాత్రం ఆ కారు ఆగలేదు. పెండ్లిళ్లకు, శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయస్వామి దగ్గరికి, ఎవరికైనా ఒంట్లో బాగలేకపోతే ఆసుపత్రికి అదే పోతుంది.

ఆ కారుకు ఒక జబ్బు ఉండేది. రాత్రిపూట నిదానంగా పోతుంటే హెడ్‌లైట్లు ఎర్రగా, చమురు అయిపోయిన దీపం మాదిరి అయిపోయేవి. రేసు ఇస్తే తెల్లగా వెలిగేవి. తెల్లారి సెల్ఫ్ కొడితే "టక్" మని ఊరుకునేది. నలుగురం చేరి తోయాల్సిందే. పెదనాయన రెండేండ్లలో రెండు బ్యాటరీలు మార్చినాడు.

మామ చూసి, "తప్పు బ్యాటరీది కాదన్నా. దానికి కూడు పెట్టేది సరిగా పెట్టడంల్యా" అన్నాడు.

బ్యాటరీకి కూడు పెట్టేదే డైనమో.

డైనమోకు, ఆల్టర్నేటర్‌కు తేడా ఏమిటి?

అయస్కాంతం దగ్గర తీగచుట్ట కదిలినా, తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలినా తీగలో కరెంటు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. ఇది మనం చదువుకున్నదే. డైనమో, ఆల్టర్నేటర్ రెండూ ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. ఏది తిరుగుతుంది, ఏది కదలకుండా ఉంటుంది అన్నదే తేడా.

డైనమోలో అయస్కాంతం కదలదు. లోపల ఆర్మేచర్ తిరుగుతుంది. కరెంటు పుట్టేది ఆ తిరిగే ఆర్మేచర్‌లోనే. అది బయటికి రావాలంటే కమ్యుటేటర్ మీద రాసుకునే కార్బన్ బ్రష్షుల గుండానే రావాలి. మా కారులోని డైనమో బాగా తిరిగినప్పుడు సుమారు 22 ఆంపియర్లు ఇస్తుంది. ఆ కరెంటు అంతా బ్రష్షుల మీదనే. అందుకే నిప్పురవ్వలు వస్తాయి, బ్రష్షులు అరిగిపోతాయి. పైగా డైనమోను మరీ వేగంగా తిప్పరాదు. అందుకని దానికి పెద్ద పుల్లీ పెడతారు. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు డైనమోకు చాలినంత వేగం రాదు. అప్పుడు ఛార్జింగు దాదాపు ఉండదు.

ఆల్టర్నేటర్‌లో ఇదంతా తిరగబడింది. అయస్కాంతం తిరుగుతుంది, కరెంటు పుట్టే తీగచుట్టలు కదలకుండా ఉంటాయి. బ్రష్షులు ఇందులోనూ రెండు ఉన్నాయి. కానీ అవి తిరిగే అయస్కాంతానికి కావలసిన రెండు మూడు ఆంపియర్లు మాత్రమే అందిస్తాయి. పెద్ద కరెంటు కదలని భాగం నుండి బోల్టు ద్వారా నేరుగా బయటికి వస్తుంది. కావున దీన్ని వేగంగా తిప్పవచ్చు. చిన్న పుల్లీ పెడితే ఇంజను నిదానంగా ఉన్నా ఛార్జింగు వస్తుంది.

అయితే ఆల్టర్నేటర్‌లో పుట్టేది ఏకాంతర విద్యుత్తు, అనగా ఏసీ. బ్యాటరీకి డీసీ కావాలి. ఈ మార్పిడిని లోపల ఉన్న ఆరు డయోడ్లు చేస్తాయి. డయోడు అంటే ఒకేవైపు తెరుచుకునే తలుపు అనుకోండి. కరెంటును ఒక దిక్కుకే పోనిస్తుంది. చిన్నవి, గట్టివి అయిన డయోడ్లు వచ్చిన తర్వాతనే మామూలు కార్లలో ఆల్టర్నేటర్ పెట్టడం కుదిరింది. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1960 నాటి వేలియంట్ కారుతో దీన్ని మొదలుపెట్టింది.

మా కారు లెక్క ఇది. హెడ్‌లైట్లు రెండూ కలిసి 90 వాట్లు. వెనుక లైట్లు, మీటరు లైట్లు 30 వాట్లు. ఇంజను ప్లగ్గులకు నిప్పు ఇచ్చే కాయిల్‌కు 40 వాట్లు. మొత్తం 160 వాట్లు. 160ని 12తో భాగిస్తే 13 ఆంపియర్లకు పైన. వేంపల్లె సంతలో జనం మధ్య నిదానంగా పోతే డైనమో ఇచ్చేది ఏమీ ఉండదు. ఆ 13 ఆంపియర్లు బ్యాటరీ నుండే పోతాయి. ఇంగ తెల్లారి తోయక ఏం చేస్తాము?

కటౌట్ పెట్టె చేసే పని

డైనమో ఉన్న కారులో బానెట్ కింద ఒక నల్లపెట్టె ఉంటుంది. మన మెకానిక్కులు దాన్ని కటౌట్ అంటారు. దాని లోపల తీగచుట్టలు, టకటకమని కొట్టుకునే రేకులు ఉంటాయి. అది రెండు పనులు చేస్తుంది. ఒకటి, వోల్టేజి ఎక్కువ కాకుండా చూస్తుంది. రెండు, ఇంజను ఆగినప్పుడు బ్యాటరీలోని కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా కోస్తుంది. కటౌట్ అనే పేరు అందుకే వచ్చింది.

ఆల్టర్నేటర్‌కు ఈ పెట్టె పనిలేదు. కరెంటు వెనక్కి పోకుండా డయోడ్లే ఆపుతాయి. వోల్టేజిని చూసే రెగ్యులేటర్, అగ్గిపెట్టె అంత ఎలక్ట్రానిక్ ముక్క, ఆల్టర్నేటర్ వెనుకనే బిగించి ఉంటుంది. బ్యాటరీ దగ్గర సుమారు 14.2 వోల్టులు రాగానే అయస్కాంతానికి పోయే కరెంటును తగ్గిస్తుంది. వోల్టేజి పడిపోతే మళ్లీ పెంచుతుంది. ఇది సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది.

తీగలు కలిపే పద్ధతి

మా కారులోని కటౌట్ పెట్టెకు ఐదు టెర్మినళ్లు ఉన్నాయి. ఏ, ఏ1, ఎఫ్, డి, ఈ అని రాసివుంటుంది.

'డి' – డైనమో నుండి వచ్చే లావు తీగ. మీటరు దగ్గరి ఎర్రబల్బు నుండి వచ్చే సన్న తీగ కూడా దీనికే ఉంటుంది.
'ఎఫ్' – డైనమో ఫీల్డుకు పోయే సన్న తీగ.
'ఏ' – బ్యాటరీకి పోయే తీగ.
'ఏ1' – తాళం స్విచ్చికి, లైట్లకు పోయే తీగ.
'ఈ' – బాడీ ఎర్త్.

మామ నాకు చెప్పిన సరైన పద్ధతి ఇది:

1. మొదట బ్యాటరీ ఎర్త్ తీగ ఊడదీయాలి. అది ఊడదీయకుండా పానా పట్టుకోరాదు.

2. కారు ఏ ఎర్త్‌తో ఉందో చూసుకోవాలి. ఇంగ్లీషు పద్ధతి పాత కార్లు కొన్నింటిలో బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపేవారు. ఇప్పటి ఆల్టర్నేటర్లకు నెగిటివ్ బాడీకి ఉండాలి. తిరగేసి కలిపితే డయోడ్లు ఆ క్షణంలోనే కాలిపోతాయి. మా కారుకు ముందే నెగిటివ్ ఎర్త్ ఉంది.

3. ఆల్టర్నేటర్‌ను బిగించినాక దాని పుల్లీ, ఇంజను పుల్లీ ఒకే వరుసలో ఉన్నాయా అని చూడాలి. ఫ్యాన్ బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. అంతకన్నా వదులైతే జారుతుంది, బిగువైతే బేరింగు పోతుంది.

4. కటౌట్ దగ్గర 'ఏ', 'ఏ1' తీగలను తీసి రెంటినీ గట్టిగా కలపాలి. అప్పుడు లైట్లకు, తాళానికి బ్యాటరీ నుండి కరెంటు వస్తుంది.

5. 'డి' దగ్గరున్న ఎర్రబల్బు తీగను తీసి 'ఎఫ్' తీగకు కలపాలి. 'ఎఫ్' తీగ రెండవ కొనను ఆల్టర్నేటర్ మీద 'ఇండ్' అని ఉన్న చోట పెట్టాలి.

6. ఆల్టర్నేటర్ పెద్ద బోల్టు నుండి సెల్ఫ్ సోలినాయిడ్ మీద బ్యాటరీ తీగ వచ్చే బోల్టుకు కొత్త లావు తీగ వేయాలి. బ్యాటరీ వైపు కొనలో ఫ్యూజు పెట్టాలి. పాత 'డి' లావు తీగను వాడకూడదు. రెండు కొనలకూ టేపు చుట్టి వదిలేయాలి.

7. ఇంజను రబ్బరు దిండ్ల మీద కూర్చుని ఉంటుంది. కావున ఇంజనుకు, బాడీకి మధ్య ఉండే ఎర్త్ పట్టీని ఊడదీసి, తుప్పు గీకి, మళ్లీ బిగించాలి. పోయిన కరెంటు తిరిగి రావడానికి అదే దారి.

ఆ ఎర్రబల్బు సంగతి కొంచెం చెప్పాలి. అది ఉత్త గుర్తు కాదు. తాళం తిప్పగానే ఆ బల్బు గుండా పోయే కొద్దిపాటి కరెంటే ఆల్టర్నేటర్‌లోని అయస్కాంతాన్ని మొదట లేపుతుంది. ఆల్టర్నేటర్ పనిచేయడం మొదలుపెట్టినాక బల్బుకు రెండు పక్కలా దాదాపు ఒకే వోల్టేజి వస్తుంది. రెండు తొట్లలో నీళ్లు ఒకే ఎత్తున ఉంటే మధ్య గొట్టంలో నీళ్లు పారవు కదా! అట్లనే బల్బు ఆరిపోతుంది. ఆ బల్బు మాడిపోయి ఉంటే ఇంజను తిరుగుతున్నా ఛార్జింగు మొదలు కాకపోవచ్చు.

నేను చేసిన తప్పు

పెదనాయన ప్రొద్దుటూరులో పాత సామాన్ల అంగట్లో 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఒకటి తెచ్చినాడు. మామ దాన్ని బిగించి, బెల్టు వేసి, ఇంకొక బండి పని మీద పోతూ, "అబ్బోడా, తీగలు నువ్వు కలుపు. లావు తీగ మాత్రం కొత్తది వెయ్" అని చెప్పి పోయినాడు.

నేను ఆరో అంశం తప్ప అన్నీ చెప్పినట్లే చేసినాను. పాత 'డి' తీగ చూస్తే లావుగానే కనపడింది. కొత్త తీగ లాగాలంటే రెండు గంటల పని, ఎండ. సరేలే అని ఆ పాత తీగనే ఆల్టర్నేటర్‌కు బిగించి, కటౌట్ దగ్గర 'ఏ', 'ఏ1' తీగలతో కలిపి స్క్రూ బిగించినాను. ఇంజను వేస్తే ఎర్రబల్బు ఆరిపోయింది. బ్యాటరీ దగ్గర 14 వోల్టులు చూపించింది. లైట్లు తెల్లగా వెలిగినాయి.

మామ వచ్చి, "తీగ మార్చినావా?" అని అడిగినాడు.

"మార్చినా మామా" అన్నాను.

నాలుగు రోజులు కారు బాగానే తిరిగింది. తర్వాత వారం రోజులు ఎవరూ తీయలేదు. ఒక రాత్రి మా అవ్వకు ఆయాసం ఎక్కువైంది. పెదనాయన కారు తీసినాడు. రేడియో రాత్రంతా ఆన్‌లో ఉండిపోయినందువల్ల బ్యాటరీ డౌన్ అయివుంది. తోసి స్టార్టు చేసినాము. వెనుక సీట్లో అమ్మ ఒడిలో అవ్వ, ముందర నేను. లైట్లు వేసుకొని వేంపల్లె దారి పట్టినాము.

కొంచెం దూరం పోయినాక రబ్బరు కాలిన వాసన వచ్చింది. మీటర్ల కింద నుండి పొగ లేచింది. పెదనాయన కారు ఆపి తాళం తిప్పేసినాడు. ఇంజను ఆగినా పొగ ఆగలేదు. నేను దిగి, బానెట్ ఎత్తి, పానాతో బ్యాటరీ ఎర్త్ తీగ ఊడబెరికినాను. అప్పుడు ఆగింది. అవ్వను దించి రోడ్డు పక్కన రాతి మీద కూర్చోబెట్టినాము. చుట్టూ చీకటి. అవ్వ ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. చానా సేపటికి పాలక్యాన్ల ఆటో ఒకటి వచ్చింది. క్యాన్లు పక్కకు జరిపి అవ్వను ఎక్కించుకొని పోయినారు. అవ్వ బతికింది, ఇప్పుడు బాగుంది. కానీ ఆ ఆటో ఇంకో గంట రాకపోయివుంటే ఏమయ్యేదో నాకు తెలియదు.

మరుసటి రోజు మామకు నిజం చెప్పినాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. కాలిన తీగ పీకి చూపించినాడు. కటౌట్ దగ్గర నేను బిగించిన జాయింటు నల్లగా కరిగి, తీగ పోగులు బయటపడి, బాడీ రేకును ముట్టుకొని ఉన్నాయి.

"మార్చినా అని నాతో చెప్తే నేను నమ్ముతా. తీగ నమ్మదు గదరా" అన్నాడు.

ఎందుకు కాలింది? లెక్క చూద్దాం

ఆ తీగ ముక్క ఒకటి నేను హాస్టల్‌కు తెచ్చినాను. సారు అనుమతితో మన ల్యాబులోని స్క్రూగేజితో కొలిచినాను. లోపల 35 పోగులు ఉన్నాయి. ఒక్కో పోగు వ్యాసం 0.3 మిల్లీమీటర్లు. వైశాల్యం లెక్క కడితే మొత్తం రాగి సుమారు 2.5 చదరపు మిల్లీమీటర్లే. లావుగా కనపడింది పై తొడుగు మాత్రమే.

తీగ పొడవు 2 మీటర్లు. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు ఉన్న రాగితీగ నిరోధం సుమారు 0.0175 ఓంలు. కావున మన తీగ నిరోధం 0.0175 × 2 ÷ 2.5 = 0.014 ఓంలు. చాలా చిన్న అంకె. అందుకే నేను కూడా మోసపోయినాను.

ఇప్పుడు పదో తరగతి పాఠం గుర్తుకు తెచ్చుకోండి. సెకనుకు పుట్టే వేడి = కరెంటు × కరెంటు × నిరోధం. కరెంటును రెండుసార్లు గుణించాలి. అసలు కీలకం అక్కడే ఉంది.

పాత డైనమోతో, 20 ఆంపియర్లు: 20 × 20 × 0.014 = 5.6 వాట్లు.
కొత్త ఆల్టర్నేటర్‌తో, 40 ఆంపియర్లు: 40 × 40 × 0.014 = 22.4 వాట్లు.

కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలైంది!

మరి మొదటి నాలుగు రోజులు ఎందుకు కాలలేదు? ఆల్టర్నేటర్ మీద 45 అని ఉన్నంత మాత్రాన అది ఎప్పుడూ 45 ఇవ్వదు. అడిగినంతే ఇస్తుంది. పగలు, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు అడిగేది తక్కువ. ఆ రాత్రి ఖాళీ బ్యాటరీ, లైట్లు రెండూ కలిసి అడిగినాయి. ఇచ్చేవాడు ఉన్నాడు, మోసేవాడికి బలం లేదు.

ఇంకొకటి. తీగ మొత్తం కాలలేదు, జాయింటు దగ్గరే కాలింది. తుప్పు పట్టిన స్క్రూ దగ్గర 0.02 ఓంలు ఉందనుకోండి. 40 ఆంపియర్లకు అక్కడ పుట్టే వేడి 40 × 40 × 0.02 = 32 వాట్లు. రేడియో బాగుచేసేవాళ్లు సీసం కరిగించే సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లే ఉంటుంది. అనగా నేను తీగల కట్ట మధ్యలో కాలుతున్న సాల్డరింగ్ ఐరన్ పెట్టి అవ్వను కారు ఎక్కించినట్లు.

ఇంజను ఆగినాక కూడా పొగ ఎందుకు వచ్చింది? ఆల్టర్నేటర్ ఆగిపోయింది నిజమే. కానీ తొడుగు కరిగి తీగ బాడీకి తగిలింది కాబట్టి బ్యాటరీ నుండి నేరుగా షార్టు అయింది. ఈ తీగ తాళం తీసేసినా బ్యాటరీకి కలిసే ఉంటుంది. ఫ్యూజును బ్యాటరీ వైపు పెట్టమనేది ఇందుకే. ఫ్యూజు ఉండివుంటే అది ఒక్కటే పోయేది.

తర్వాత మామ, నేను కలిసి 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినాము. దాని నిరోధం 0.0035 ఓంలు. 40 ఆంపియర్లకు వేడి 40 × 40 × 0.0035 = 5.6 వాట్లు. చూసినారా, పాత డైనమో నాటి లెక్కకే వచ్చింది. కొనలకు లగ్గులు నొక్కి, 60 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, తీగను రేకుకు రాసుకోకుండా రబ్బరు గొట్టంలో దూర్చి కట్టినాము. అరగంట లైట్లు వేసి ఇంజను తిప్పి, తీగ పొడవునా చెయ్యి పెట్టి చూసినాము. ఎక్కడా చెయ్యి కాలలేదు.

గుర్తుంచుకోవలసినవి

ఇంజను ఆపి బ్యాటరీ కొలిస్తే సుమారు 12.6 వోల్టులు, ఇంజను తిరిగేటప్పుడు 13.8 నుండి 14.4 మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్లు. బ్యాటరీలో నీళ్లు ఉడికిపోతాయి.

డైనమో కాలంలో ఛార్జింగు ఉందో లేదో చూడడానికి ఇంజను తిరుగుతుండగానే బ్యాటరీ తీగ పీకి చూసేవాళ్లు. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో అట్లా చేయరాదు. వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి డయోడ్లు, రెగ్యులేటర్ పోతాయి. మీటరుతోనే చూడాలి.

కొన్ని పాత బండ్లలో కరెంటు మొత్తం డ్యాష్‌బోర్డులోని ఆంపియర్ మీటరు గుండా పోతుంది. దాని మీద 30 అని ఉంటే 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌ను దాని గుండా కలపకూడదు.

మిత్రులారా, మనలో చానామందికి కారు లేదు. అయినా ఈ లెక్క మనకు పనికొస్తుంది. చలికాలంలో మనం ఒకే ప్లగ్ బోర్డుకు నీళ్ల హీటరు, ఇస్త్రీపెట్టె కలిపి పెడతాము. వార్డెన్ సారు వద్దంటే సణుగుతాము. కరెంటు రెండింతలు, వేడి నాలుగింతలు, బోర్డు వెనుక తీగ మాత్రం అదే. అది ఎంత సన్నదో మనకు కనపడదు. తీగ కాలేది కూడా మనం నిద్రపోయేటప్పుడే కావచ్చు.

కాలిన జాయింటు ముక్కను మామ అంగట్లో మేకుకు తగిలించినాడు. ఇప్పటికీ అట్లనే ఉంది. నాది ఏదైనా తీగ పని అయిపోయినప్పుడు ఆయన ఇప్పుడు "మార్చినావా?" అని అడగడు. చెయ్యి పెట్టి చూస్తాడు. దానికి నేను బాధపడడం లేదు. నేను కూడా చెయ్యి పెట్టి చూడడం నేర్చుకున్నాను.

ఇంతటితో ముగిస్తున్నాను. లెక్కలో తప్పులుంటే సార్లు సరిదిద్దవలసిందిగా కోరుచున్నాను.

– పదవ తరగతి విద్యార్థి